ఎత్తు చూడని ఎంపిక

యెష్షయి ఇంట సమూయేలు ఎదుట మొదట నిలిచినవాడు ఏలీయాబు. ఎత్తూ, రూపమూ ఉన్నవాడు. అభిషేకం మాత్రం గొర్రెల దగ్గరున్న కడగొట్టువాడికి దక్కింది. సినిమావాళ్ల వీధుల పక్కన ఉంటున్నామేమో, మధురానగర్‌లో మన చూపు ఏలీయాబుల మీదే ముందు పడుతుంది. సంఘంలో పిల్లల్ని దేనికి పిలిచినా అంతే.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు, చదువు సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆ ధైర్యం ఒక్కరోజులో వచ్చింది కాదు. భువనగిరి బండ మీద మొదలై డార్జిలింగ్, లడఖ్ చలిలో గట్టిపడింది. పదహారేళ్లు నిండనివారిని నేపాల్ అనుమతించదు గనుక టిబెట్ వైపు నుంచి వెళ్లింది. తోడు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఆ ఏప్రిల్ 18నే నేపాల్ వైపు హిమపాతంలో 16 మంది చనిపోయారు. అయినా ఈ పిల్లలిద్దరూ వెనుదిరగలేదు.

2022 జూన్‌లో పూర్ణ అలాస్కాలోని డెనాలీ ఎక్కి, ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ పూర్తి చేసింది.