ఆట ఆగాక ఏంటి?

చందర్లపాడు నుంచి నందిగామ కాలేజీకి బస్సెక్కే ముందు, తెల్లారకుండానే గ్రౌండ్‌కి పరుగెత్తే బ్యాచ్‌లో మీరూ ఉన్నారా? అయితే 2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ అన్న మాట వినండి. డబ్బున్నవాళ్లో, కుటుంబ వ్యాపారం ఉన్నవాళ్లో కాకపోతే పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దని తల్లిదండ్రులకు చెబుతానన్నారు. ఆటే బతుకుతెరువుగా నిలదొక్కుకునేవాళ్లు ఒక్క శాతం కూడా ఉండరని ఆయన లెక్క.

చేదుగానే ఉంది. కానీ అన్నదెవరు? ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టి, 1994లో మోకాలి లిగమెంటు తెగినా 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన మనిషి. కూల్‌డ్రింక్ ప్రకటన వస్తే వద్దన్నారు. తర్వాత ఇల్లు తాకట్టు పెట్టి మరీ, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచారు. ఆయన శిక్షణలో ఒలింపిక్స్‌లో సైనాకి 2012లో కాంస్యం, సింధుకి 2016లో రజతం వచ్చాయి. నిజం చెప్పాలంటే, ఆట మానేశాకే ఆయన పేరు ఇంకా పెద్దదైంది.

సరే, మీ సంగతి. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంది. అక్కడ చూసేది గుర్తింపు ఉన్న పోటీల్లో మీరు సాధించిన స్థానం. ఊరి టోర్నమెంటు కప్పు షోకేసుకే! సర్టిఫికెట్లు మాత్రం అటక మీద పడేయకండి. బీపీఈడీ చేస్తే స్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులకు పోటీపడొచ్చు. పటియాలా ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఇంకో దారి. మామూలుగా రెండింటికీ డిగ్రీ అడుగుతారు. బ్యాక్‌లాగ్‌లుంటే ఈ సెమిస్టర్‌లోనే కానిచ్చేయండి.