పాత తెప్పకు కొత్త ఇంజను

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బారులు తీరి నిలిచే ట్రాలర్లకు ఇంజను బోటు కడుపులోనే ఉంటుంది కాబట్టి దానిని మార్చడమంటే డెక్కు విప్పి చేయవలసిన పెద్ద పని. పెదజాలరిపేట, భీమిలి, పూడిమడక ఇసుక తీరాల నుంచి వేటకు వెళ్లే ఫైబర్ తెప్పలకు మాత్రం ఇంజను వెనుక పలక మీద, బయటివైపున ఉంటుంది. దుంగలను తాళ్లతో బిగించి కట్టిన కర్ర తెప్పల స్థానంలోకి వచ్చిన ఈ పడవలు కెరటాలను దాటుకొని నేరుగా ఇసుక మీదికి ఎక్కవలసి ఉంటుంది గనుక, ఒడ్డు దగ్గరపడగానే పంకాను నీటి నుంచి పైకి ఎత్తగలగడం వాటికి తప్పనిసరి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం తూర్పు తీరంలో ఒడ్డుకెక్కే పడవలపై చేసిన ప్రయోగాలలో, పైకెత్తే పంకా గల డీజిల్ ఇంజన్లను కూడా పరీక్షించింది.

ఆంధ్ర తీరపు తెప్పలపై ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది పొడవాటి షాఫ్ట్ తగిలించిన చిన్న డీజిల్ ఇంజనే. దానికి భిన్నంగా ఇంజను, గేర్లు, పంకా అన్నీ ఒకే నిలువు అమరికలో ఉండే యంత్రాన్ని ఔట్‌బోర్డు మోటారు అంటారు. అందులో పాతకాలపు టూ స్ట్రోక్ రకం ఒకప్పటి స్కూటరు మాదిరిగానే పెట్రోలులో ఆయిలు కలిపి పోయించుకొని నీలిపొగ వదులుతుంది. పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేసరికే పని ముగించే ఆ ఇంజనులో, కాలిన పొగ బయటికి పోయే దారి, కొత్త ఇంధనం లోపలికి వచ్చే దారి కొంతసేపు ఒకేసారి తెరుచుకొని ఉండడం వల్ల, ఇంధనంలో పావు వంతు దాకా కాలకుండానే సముద్రం పాలవుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజను పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం అనే నాలుగు దశలను విడివిడిగా జరుపుతుంది కనుక ఈ నష్టం బాగా తగ్గుతుంది. హోండా సంస్థ 1964లోనే ఈ తరహా ఔట్‌బోర్డును తయారుచేసినప్పటికీ, 1996లో అమెరికా పర్యావరణ సంస్థ పొగ పరిమితులు విధించిన తరువాతనే తయారీదారులందరూ ఇటు మళ్లారు.

ఇంధనం ఆదా అవుతుందన్న మాట నిజమే అయినా, పాత పడవకు ఆ లాభం దక్కాలంటే పరీక్ష ఇంజను దుకాణంలో కాక పడవ వెనుక పలక దగ్గర మొదలుకావాలి. పైకి ఫైబర్ పూతతో నున్నగా కనిపించే ఆ పలక లోపల చాలా పడవలలో ప్లైవుడ్ ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల గుండా ఏళ్ల తరబడి ఉప్పునీరు దిగి అది మెత్తబడిపోయినా పైకి తెలియదు. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూస్తే గట్టి చోట ఖణేల్‌మని మోగుతుంది, కుళ్లిన చోట శబ్దం డొల్లగా వస్తుంది. 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు బరువు 70, 75 కిలోల దగ్గర ఉంటే అదే శక్తిగల ఫోర్ స్ట్రోక్ 95 కిలోల దాకా తూగుతుంది. రెండు బిగిస్తే పడవ వెనుక భాగం కుంగి ముక్కు పైకి లేస్తుంది. షాఫ్ట్ కొలత కూడా చూసుకోవాలి. 15, 20, 25 అంగుళాల షాఫ్టులలో పలక ఎత్తుకు సరిపడనిది బిగిస్తే, పొట్టిదైతే పంకా గాలిని పీల్చి ఖాళీగా తిరుగుతుంది, పొడవైతే నీటిని అనవసరంగా ఈడుస్తుంది.

హార్స్‌పవర్ మోజు అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. నీటిని చీల్చుకుంటూ వెళ్లే బరువైన పడవ వేగం దాని పొడవును బట్టి ఉంటుంది; నీటిని తాకే భాగం 8 మీటర్లున్న తెప్పకు ఆ హద్దు గంటకు సుమారు 12, 13 కిలోమీటర్లు. అది దాటించాలంటే శక్తి రెట్టింపు చేసినా వేగం కొద్దిగానే పెరుగుతుంది, పెట్రోలు మాత్రం ధారాళంగా ఖర్చవుతుంది. వలలు, మంచు, మనుషులతో నిండుగా ఉన్నప్పుడు కూడా ఇంజను తయారీదారు చెప్పిన పూర్తి చుట్లను అందుకునేలా తక్కువ పిచ్ పంకాను ఎంచుకోవడమే మేలు. పిచ్ అంటే పంకా ఒక్క చుట్టుకు ముందుకు నెట్టవలసిన దూరం.

రెండు చిన్న మోటార్లు పెట్టుకోవడంలో అర్థమున్న చోటు పూడిమడకే. గేలాలతో పసుపు రెక్కల ట్యూనాను పట్టడంలో పేరున్న ఆ ఊరి మత్స్యకారులు చిన్న పడవలలో ఒడ్డుకు చాలా దూరం వెళతారు కాబట్టి, ఒకటి ఆగిపోయినా రెండోదానితో ఇల్లు చేరగలగడం వారికి ప్రాణరక్షణ. తీరం కనిపించేంత దూరంలో కవళ్లు, కానాగంతలు పట్టేవారికి ఆ అదనపు ఖర్చు దండగ.

ఖర్చుల లెక్కలో డీజిల్ వైపు ఒక మొగ్గు ఉంది. రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకారులకు లీటరుకు 9 రూపాయల రాయితీ ఇచ్చింది డీజిల్ మీదనే. పెట్రోలుతో ఇప్పుడు ఇంకో చిక్కు కూడా వచ్చింది. 2025 నాటికి దేశంలోని బంకులలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ప్రధానమైపోగా, ఔట్‌బోర్డు తయారీదారులలో చాలామంది 10 శాతం వరకే అనుమతిస్తున్నారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది; సముద్రపు గాలిలో, వేట లేక ట్యాంకులో వారాల తరబడి నిలిచిన పెట్రోలులో నీరు వేరుపడి అడుగుకు చేరుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధానికి ముందే ట్యాంకు ఖాళీ చేయడం, నీటిని వేరుచేసే ఫిల్టరు తగిలించడం అందుకే తప్పవు; ప్రతి వేట తరువాత మంచినీటితో ఇంజనును కడగడం కూడా మరవకూడదు.

ఆ నిషేధ కాలమే ఇంజను మార్పిడికి సరైన అదను. వర్షాకాలపు తేమ మొదలయ్యేలోపు పలకకు కొత్త ఫైబర్ పూత గట్టిపడుతుంది. మెరైన్ ఫిట్టర్లకు శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ శాఖ విశాఖలోనే ఉంది కనుక తెలిసిన మెకానిక్కు దొరకడం కష్టం కాదు. అయితే బయానా ఇచ్చేముందు, ఇంజనుతో వచ్చే పుస్తకంలో ఇంధనం గురించి రాసిన పేజీని బోటు యజమానులు తప్పక చదివించుకోవాలి.