గ్లో ప్లగ్ పరీక్ష

గ్లో ప్లగ్ అనేది డీజిల్ ఇంజను చల్లగా ఉన్నపుడు సులభంగా స్టార్టు కావడానికి సిలిండరు లోపలి గాలిని వేడిచేసే చిన్న విద్యుత్ పరికరము. మెకానిక్కులు దీనిని హీటర్ ప్లగ్ అని కూడా అంటారు. సాధారణంగా సిలిండరుకు ఒకటి చొప్పున ఉంటుంది. వీటిలో ఒకటి చెడినా మిగిలినవి పనిచేస్తూనే ఉంటాయి కనుక, లోపము ఎక్కడున్నదో తెలియాలంటే ఒక్కొక్క ప్లగ్గును విడిగా పరీక్షించవలసి ఉంటుంది.

పనిచేయు విధానము

పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ నుండి వచ్చే నిప్పురవ్వ ఇంధనాన్ని మండిస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. పిస్టను గాలిని ఇంచుమించు 14 నుండి 22 రెట్లు కుదించినపుడు ఆ గాలి బాగా వేడెక్కి, అందులోకి చిమ్మిన డీజిల్ దానంతట అదే మండుతుంది. ఇంజను చల్లగా ఉన్నపుడు ఈ వేడిలో చాలా భాగాన్ని సిలిండరు గోడలు గ్రహిస్తాయి. ఆ లోటును గ్లో ప్లగ్ తీరుస్తుంది. తాళము తిప్పగానే బ్యాటరీ నుండి రిలే ద్వారా విద్యుత్తు ప్రవహించి, ప్లగ్గు కొన 800 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కి ఎర్రగా మెరుస్తుంది.

లోపపు లక్షణాలు

* ఉదయము మొదటిసారి ఇంజను ఎక్కువసేపు తిప్పితే గాని స్టార్టు కాకపోవడం. వేడెక్కిన తరువాత మామూలుగా స్టార్టు కావడం.
* స్టార్టు అయిన కొద్దిసేపటి వరకు ఇంజను అదరడం, మండని ఇంధనము వలన తెల్లని పొగ రావడం.

సిలిండరులోనికి నేరుగా ఇంధనము చిమ్మే ఇంజనులు వెచ్చని వాతావరణంలో గ్లో ప్లగ్గులు చెడినా స్టార్టు అవుతాయి. అందువలన కోస్తా పట్టణాలలో తిరిగే కారులో కనిపించని లోపము, ఆ కారు శీతాకాలములో లంబసింగి వంటి చల్లని ప్రదేశానికి వెళ్ళినపుడు బయటపడవచ్చు. బలహీనమైన బ్యాటరీ, ఇంధన గొట్టాలలో చేరిన గాలి, తగ్గిన కంప్రెషన్ వలన కూడా ఇవే లక్షణాలు కలుగుతాయి. కాబట్టి పరీక్షించకుండా ప్లగ్గులు మార్చడం వృథా ఖర్చు కావచ్చు.

పరీక్షించే పద్ధతి

1. చల్లని ఇంజనులో తాళము తిప్పి, ప్లగ్గు టెర్మినల్ వద్ద వోల్టేజి చూడాలి. వోల్టేజి లేనిచో లోపము ఫ్యూజు, రిలే లేదా తీగలలో ఉండవచ్చు.
2. తాళము ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేసి, ప్లగ్గులను కలిపే లోహపు పట్టీని గాని తీగలను గాని విప్పాలి. ప్లగ్గులు సమాంతరంగా కలిపి ఉంటాయి. పట్టీ విప్పకుండా కొలిస్తే మంచి ప్లగ్గుల గుండా విద్యుత్తు ప్రవహించి, తెగిన ప్లగ్గు కూడా మంచిదిగానే కనిపిస్తుంది.
3. మల్టీమీటరు తీగలను ఒకదానికొకటి తాకించి, వాటి నిరోధము ఎంతో చూసుకోవాలి. తరువాత టెర్మినల్‌కు, ఇంజను లోహానికి మధ్య నిరోధము కొలిచి, అందులో నుండి దానిని తీసివేయాలి.
4. చాలా ప్లగ్గులలో నిరోధము 0.5 నుండి 2 ఓముల వరకు ఉంటుంది. అనంతమని చూపితే లోపలి తీగచుట్ట తెగినట్లు. మిగిలిన వాటికంటే బాగా తేడా ఉన్న ప్లగ్గును కూడా అనుమానించాలి.

నిరోధము సరిగా ఉన్నంత మాత్రాన ప్లగ్గు తగినంత వేడెక్కుతుందని చెప్పలేము. తీగలు తిరిగి కలిపి, క్లాంప్ మీటరుతో ఒక్కొక్క ప్లగ్గు తీసుకునే విద్యుత్తును కొలిచి పోల్చడం మరింత నమ్మదగిన పరీక్ష.

జాగ్రత్తలు

* కొత్త ఇంజనులలో కొన్ని ప్లగ్గులు 5 వోల్టుల వంటి తక్కువ వోల్టేజికి తయారైనవి. వీటిని నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే కాలిపోతాయి.
* బిగుసుకున్న ప్లగ్గును బలవంతంగా తిప్పితే సిలిండర్ హెడ్‌లోనే విరిగిపోవచ్చు. అప్పుడు హెడ్ విప్పవలసి రావచ్చు.
* కొన కరిగిన ప్లగ్గును మార్చి ఊరుకోరాదు. ఇంజెక్టరు లోపము వలన కూడా కొన కరుగుతుంది.
* గ్లో ప్లగ్గులు ఉన్న ఇంజనులో ఈథర్ స్ప్రే వాడరాదు. ఎర్రగా కాలిన కొనను తాకి ఈథర్ ముందుగానే పేలి ఇంజను పాడవుతుంది.

ఇవి కూడా చూడండి

* డీజిల్ ఇంజను
* స్పార్క్ ప్లగ్
* మల్టీమీటరు