అంగారకుడి మీద రెండు స్ప్రింగులు

ఒకసారి మీ ఫోన్‌ని అడ్డంగా తిప్పండి. స్క్రీన్ మీద వీడియో కూడా తిరిగింది కదా! ఫోన్ ఎటు వంగిందో దానికి ఎలా తెలిసింది? లోపల యాక్సెలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. అందులో వెంట్రుక కన్నా సన్నని సిలికాన్ స్ప్రింగులు ఒక బుల్లి బరువుని పట్టుకుని ఉంటాయి. ఫోన్ కదిలితే ఆ బరువు రవ్వంత జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి ఫోన్ లెక్క కట్టుకుంటుంది. అంటే రోజంతా మనం జేబులో స్ప్రింగులు పెట్టుకునే తిరుగుతున్నామన్నమాట.

ఫోన్ పాడైతే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తాం. అదే స్ప్రింగుని కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రహం మీదకి పంపితే? అక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ కష్టం ఎలా ఉంటుందో తెలియాలంటే నాసా వాళ్ళ ఇన్‌సైట్ కథ వినాలి.

ఇన్‌సైట్ 2018 నవంబర్ 26న అంగారకుడి మీద దిగింది. ఇది రోవర్ కాదు, దిగినచోటే ఉండిపోయే ల్యాండర్. దానికి ఒక రోబో చెయ్యి ఉంది. ఆ చెయ్యి తన వీపు మీదున్న రెండు పరికరాలను ఒక్కొక్కటిగా ఎత్తి నేల మీద పెట్టింది. వేరే గ్రహం మీద ఒక రోబో చెయ్యి ఇలా పరికరాలను నేల మీద అమర్చడం అదే మొదటిసారి. రెండు పరికరాలకూ ప్రాణం స్ప్రింగే. ఒకదాని పని కొట్టడం, ఇంకోదాని పని వినడం.

కొట్టే స్ప్రింగు

మొదటిదాని పేరు మోల్. జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్‌ఆర్ తయారుచేసింది. చూడటానికి సుమారు 40 సెంటీమీటర్ల మేకులా ఉంటుంది. మామూలు మేకుని సుత్తి బయటినుంచి కొడుతుంది, దీనికి మాత్రం సుత్తి కడుపులోనే ఉంది. మోటారు స్ప్రింగుని నొక్కిపట్టి ఒక్కసారిగా వదిలేస్తుంది. సుత్తి ఎగిరి మేకు మొనని లోపలినుంచి కొడుతుంది. అలా వేల దెబ్బలతో 5 మీటర్ల లోతుకి దిగి, గ్రహం కడుపులోంచి ఎంత వేడి బయటికొస్తోందో కొలవాలి. అదీ ప్లాన్.

2019 ఫిబ్రవరి 28న కొట్టడం మొదలుపెట్టింది. తన పొడవు మేరకైనా దిగకముందే ఆగిపోయింది.

స్ప్రింగు విరిగిందా? లేదు. అది చెయ్యాల్సిన పని చేస్తూనే ఉంది. చిక్కంతా న్యూటన్ మూడో సూత్రంతో వచ్చింది. పడవలో నిలబడి గట్టుని తోస్తే పడవ వెనక్కి పోతుంది కదా, అలాగే సుత్తి కిందికి కొట్టిన ప్రతిసారీ మేకు పైకి ఎగరబోతుంది. ఆ ఎదురుదెబ్బని చాలావరకు మింగేయడానికి లోపలే ఇంకో బరువు, మెత్తని స్ప్రింగు పెట్టారు. మిగిలిన కొంచెం చుట్టూ ఉన్న మట్టి పట్టుకోవాలి. వదులు ఇసుక అయితే జారి వచ్చి మేకుని చుట్టుకుంటుంది. కానీ అక్కడి మట్టి అలా జారలేదు. గట్టిగా ఉండలు కట్టి ఉంది. మేకు చుట్టూ చిన్న గుంత పడింది. పట్టు లేక మోల్ ఉన్నచోటే గెంతుతూ ఉండిపోయింది.

బోరు వేయించినవాళ్ళకి ఈ బాధ తెలుసు. పైన మట్టి చూసి కింద ఏముందో చెప్పలేం. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళ భాషలో అయితే, 'నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది కదా' అనే పరిస్థితి.

వాళ్ళు అంత తేలిగ్గా వదల్లేదు. రోబో చేతి చివరున్న చిన్న పారతో మోల్‌ని పక్కనుంచి అదిమిపట్టారు. 2019 అక్టోబర్‌లో అది కదిలింది. హమ్మయ్య అనుకునేలోపే, అదే నెలాఖరుకి సగం బయటికి వచ్చేసింది. తర్వాత పారతో నెత్తిమీద నొక్కారు. ఆదేశం అక్కడికి చేరడానికే నిమిషాలు పడుతుంది. చిన్న కదలిక, ఒక ఫొటో, ఆలోచన, మళ్ళీ చిన్న కదలిక. 2020లో మోల్ మొత్తానికి నేలలోకి దిగింది. 2021 జనవరి 9న చివరి ప్రయత్నంగా 500 దెబ్బలు కొట్టించారు. ఒక్క మెట్టు కూడా దిగలేదు. పైభాగం రెండు మూడు సెంటీమీటర్ల మట్టి కిందే ఉండిపోయింది. రెండేళ్ళ పోరాటం అక్కడితో ఆగింది.

వినే స్ప్రింగు

రెండోది సీస్ అనే భూకంపమాపిని. దీన్ని ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ ఆధ్వర్యంలో తయారుచేశారు. దీని ముఖ్యమైన సెన్సర్లలో పలచని ఆకులాంటి స్ప్రింగు ఒక లోలకాన్ని సరిగ్గా తూచినట్టు నిలబెడుతుంది. నేల కదిలితే చట్రం కదులుతుంది, బరువు మాత్రం వెనకబడుతుంది. ఆ తేడానే కొలత. ఒక అణువు కన్నా తక్కువ కదలికని కూడా పట్టగలదు.

ఇంత సున్నితమైన స్ప్రింగుకి గాలీ, వేడీ శత్రువులే. అందుకే దాన్ని గాలి తీసేసిన గోళంలో పెట్టారు. 2015 చివర్లో పరీక్షలు చేస్తుంటే ఆ గోళంలో లీకు బయటపడింది. 2016 మార్చిలో జరగాల్సిన ప్రయోగం ఆపేశారు. అంగారకుడికి వెళ్ళడానికి వీలైన సమయం 26 నెలలకోసారే వస్తుంది. కాబట్టి 2018 మే 5 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఆలస్యం వృథా పోలేదు. 2019 ఏప్రిల్ 6న సీస్ అంగారకుడి మొదటి కంపాన్ని వినిపించింది. 2022 డిసెంబర్‌లో సౌర ఫలకాల మీద దుమ్ము పేరుకుని ల్యాండర్ మూగబోయేలోపు 1,300కి పైగా కంపాలు నమోదయ్యాయి. అంగారకుడి గర్భంలో ద్రవం ఉందని ఆ ప్రకంపనలే చెప్పాయి.

చూడండి, లీకు ఇక్కడే దొరికింది కాబట్టి సరిచేశారు. మట్టి గుట్టు అక్కడికి వెళ్ళాక తెలిసింది. స్ప్రింగుని ఎంత కచ్చితంగా చేసినా చాలదు. అది దేన్ని ఆనుకుని పనిచేస్తుందో కూడా తెలిసుండాలి.

మన స్ప్రింగు

2023 జులై 14న మన శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3లో ఇల్సా అనే పరికరం ఉంది. బెంగళూరులోని ఇస్రో ల్యాబ్‌లో తయారైంది. అందులో ఆరు యాక్సెలరోమీటర్లు. ఒక్కోదాని గుండెకాయ సిలికాన్‌లో చెక్కిన స్ప్రింగు, దానికో బరువు. అవును, మీ ఫోన్‌లో ఉన్నవాటికి దగ్గరి చుట్టాలే, కాకపోతే చాలా సూక్ష్మంగా వినగలవు. ఆగస్ట్ 25న ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి మీద నడుస్తుంటే ఆ అదురుని ఇల్సా పట్టుకుంది. మర్నాడు సహజంగా వచ్చినట్టు కనిపించిన ఇంకో కదలికనీ నమోదు చేసింది.

ఇప్పుడు ఫోన్‌ని మళ్ళీ ఒకసారి తిప్పండి. ఈసారి లోపలున్న ఆ బుల్లి బరువు గుర్తొస్తుంది.