రోస్మెర్త: ఒక గాల్ దేవత నామము

నేఁడు నేను ప్రసంగింపఁబోవునది మనలోఁ బెక్కురు విని యెఱుఁగని యొక దేవతను గూర్చి. ఆమె పేరు రోస్మెర్త.

నేఁటి ఫ్రాన్సును, దాని పొరుగుసీమలను రోమకులు గాల్ దేశమనిరి. క్రీ. పూ. 58 మొదలు 50 వఱకు పోరి జూలియస్ సీజరు దానిని వశపఱచుకొనెను. పిమ్మట రోమకుల వర్తకదేవుఁడగు మెర్క్యురీ, అచ్చటి దేవతలు ఒక్క పీఠముపై నిలిచిరి. ఈశాన్య గాల్ సీమలందును, రైను నదీప్రాంతమునందును దొరకిన శిల్పములలో మెర్క్యురీ చెంత రోస్మెర్త కానవచ్చును. ఆమె చేత ఫలములతో నిండిన కొమ్ము. ఒక్కొక్కచో ధనపు సంచి. ఆమె కథ యొక్కటియు నిలువలేదు. ఇఁక మనకు మిగిలినది పేరే.

ఆ పేరును విడఁదీసి చూతము. మొదటి 'రో' మన 'ప్ర' యను నుపసర్గకు సాటి. కెల్టు భాషలలో పదాదినున్న పకారము లోపించును. లాటినున 'ప్రో' యని నిలిచినది వారికి 'రో' అయినది. మన 'పితృ' శబ్దమునకు సాటియైన ప్రాచీన ఐరిషు పదము 'అథిర్'. తరువాతి 'స్మెర్' మన 'స్మృ' ధాతువునకుఁ దోఁబుట్టువు. స్మరణము, స్మృతి యందుండి వచ్చినవే.

స్మరణమునకును ఫలముల కొమ్మునకును పొత్తేమని మీరడుగవచ్చును. మన ధాతుపాఠము 'స్మృ'కుఁ జింత యని యర్థము చెప్పినది. చింత యన్నఁ దలఁపు మాత్రమే కాదు, బెంగయు నగును. ప్రొద్దువోయినను ఇల్లు చేరని బిడ్డకై యన్నము తీసి మూఁతపెట్టు తల్లిని తలఁచుకొనుఁడు. తలఁపు, బెంగ, సమకూర్పు మూఁడును ఆ యొక్క పనిలోనే యున్నవి. అందుచేత పండితులు రోస్మెర్త యనఁగా 'మిక్కిలి సమకూర్చునది' యనిరి. ఈ యర్థము నాకు సమ్మతము.

అయితే, ఇంతమాత్రమున మనవారే గాల్ దేశమున కేఁగి దేవతలను ప్రతిష్ఠించిరను వాదమును నేనొప్పుకొనను. చెవికి సోఁకిన పోలిక సాక్ష్యము కాదు. పకారలోపమువంటి నియమము పదపదమునందును నిలువవలెను. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృతము, గ్రీకు, లాటిను ఒక మూలభాషనుండి పుట్టినవనియు, కెల్టు భాషయు నట్టిదే కావచ్చుననియుఁ జెప్పెను. 'ప్ర', 'రో' అక్కచెల్లెండ్రే కాని తల్లీబిడ్డలు గారు. మన తెలుఁగు ఆ కుటుంబములోనిదే కాదు. స్మరణము మనకుఁ దత్సమముగా వచ్చిన మాట.

మఱియొక్క ముక్క. మధ్య ఫ్రాన్సున, కుమ్మరిపనికిఁ బేరుగన్న లెజూ అను నూర, ఒక మట్టిపాత్రపై గాల్ భాషలో గీసిన వ్రాఁత దొరకినది. అందు రోస్మెర్త పేరితోడనే 'రిగని' యను మాట యున్నది. రిగని యనఁగా రాణి. మన 'రాజ్ఞి'కిఁ జెల్లెలు.