రివాల్వర్ తూటాలో మూతి బిగింపు, కాలని మందు

కిందటి భాగంలో తూటాకు ఇత్తడి తొడుగు, ప్రైమర్, మందు, గుండు అనే నాలుగు అంగాలు ఉంటాయని తెలుసుకున్నారు. తొడుగు మూతి అంచును గుండు మీదికి నొక్కి బిగించడాన్ని క్రింపింగ్ అంటారు. చూడటానికి ఇది చిన్న పని. కాని ఈ బిగింపు సరిగా లేకపోతే రివాల్వర్ మధ్యలో ఆగిపోవచ్చు, మందు సగమే కాలవచ్చు. ఆ కాలని రేణువులు ఒక్కొక్కసారి న్యాయస్థానంలో ముఖ్యమైన వివాదానికి కారణమవుతాయి.

వాడిన తొడుగులను ఇంటి దగ్గరే మళ్లీ నింపుకోవడం అమెరికాలో గురికాండ్రకు పాత అలవాటు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయకూడదు. అందువల్ల ఈ పాఠంలో నింపే పద్ధతి గాని, మందు కొలతలు గాని ఉండవు. సాక్ష్యాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన భౌతిక, రసాయన సూత్రాల వరకే చూద్దాం.

4.3.1 బిగింపు అవసరం

ఆటోమేటిక్ పిస్తోలు తూటా సాధారణంగా తన మూతి అంచు ఆధారంగా చాంబర్‌లో నిలుస్తుంది. ఆ అంచును లోపలికి మడిచేస్తే ఆధారమే పోతుంది. అందుకని దానికి కొద్దిపాటి వాలు బిగింపు మాత్రమే ఇస్తారు. రివాల్వర్ తూటా అలా కాదు. దాని అడుగున వెడల్పైన అంచు ఉంటుంది, తూటా సిలిండర్‌లో నిలిచేది దాని మీదే. కాబట్టి మూతిని గుండు చుట్టూ ఉన్న గాడిలోకి పూర్తిగా మడవవచ్చు. దీన్నే రోల్ క్రింపు అంటారు.

మడవవలసిన కారణం న్యూటన్ మొదటి గమన నియమంలో ఉంది. బస్సు ఒక్కసారి ముందుకు కదిలితే నిలబడ్డవారు వెనక్కి తూలడం మీకు అనుభవమే. రివాల్వర్ పేలినప్పుడు ఆయుధం వేగంగా వెనక్కి తన్నుతుంది. సిలిండర్‌లో ఇంకా పేలని తూటాల అంచులను కూడా అది తనతో వెనక్కి లాగుతుంది. గుండు మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. బిగింపు చాలకపోతే ప్రతి పేలుడుకూ గుండు కొంచెం కొంచెం తొడుగులోనుంచి బయటికి జరుగుతుంది. చివరికి దాని ముక్కు సిలిండర్ ముందు భాగాన్ని దాటి ఫ్రేముకు తగులుతుంది, సిలిండర్ తిరగదు. తేలికైన రివాల్వర్‌లో బలమైన తూటాలు వాడినప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ.

ఎంత బిగిస్తే అంత మంచిదని అనుకోకూడదు. అతిగా నొక్కితే మూతికి కింద ఇత్తడి ఉబ్బి, తూటా చాంబర్‌లోకి దిగదు. పైగా గోడ గుండును వదిలి పక్కకు జరగడంతో అసలు పట్టే తగ్గుతుంది. గుండును నిజంగా పట్టి ఉంచేది తొడుగు గోడల బిగువు. క్రింపు దానికి తోడు మాత్రమే. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు.

4.3.2 దహనం, పీడనం

పొగలేని మందును ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియే 1884లో తయారుచేశాడు. మందు కాలే వేగం చుట్టూ ఉన్న పీడనంతో పాటు పెరుగుతుందన్న సూత్రం కూడా ఆయన పేరుతోనే ఉంది. ఆరుబయట నేల మీద పోసి అంటిస్తే ఈ మందు భగ్గున మండి ఊరుకుంటుంది. మూసిన తొడుగులో అయితే మొదట పుట్టిన వాయువు పీడనాన్ని పెంచుతుంది, పీడనం దహనాన్ని వేగవంతం చేస్తుంది, ఆ దహనం మళ్లీ పీడనాన్ని పెంచుతుంది. గుండు తొందరపడి కదిలితే వెనక ఖాళీ పెరిగి ఈ గొలుసు బలహీనపడుతుంది. గుండును క్షణకాలం ఆపి ఉంచడమే మంచి బిగింపు చేసే రెండో పని. నెమ్మదిగా కాలే మందులకు ఇది మరీ అవసరం.

.38 స్పెషల్ తూటాను ఉదాహరణగా తీసుకుందాం. ఇది 1898 నాటిది. ఎక్కువ చోటు తీసుకునే నల్లమందును దృష్టిలో పెట్టుకుని రూపొందించింది కనుక దీని తొడుగు పొడవు. నేటి వేగవంతమైన మందు అందులో కొద్ది భాగాన్నే నింపుతుంది, మిగతాదంతా ఖాళీ. తుపాకి మూతిని కిందికి వంచి తర్వాత గురిపెడితే మందు గుండు వైపు చేరుతుంది. పైకెత్తి తర్వాత దించితే ప్రైమర్ దగ్గర ఉంటుంది. ఒకే పెట్టెలోని తూటాలు ఈ చిన్న తేడాకే వేర్వేరు వేగాలు చూపుతాయి. దీని గరిష్ఠ పీడనాన్ని అమెరికా పరిశ్రమ ప్రమాణాలు చదరపు అంగుళానికి 17,000 పౌండ్లుగా నిర్ణయించాయి. .357 మ్యాగ్నమ్‌కు అది 35,000. తక్కువ పీడనంలో ఇత్తడి చాంబర్ గోడకు గట్టిగా అతుక్కోదు. అప్పుడు వాయువు వెనక్కి జారి తొడుగు బయట నల్లని మసి పూస్తుంది. అటువంటి తొడుగు కనబడితే తుపాకి శుభ్రంగా లేదని కొట్టిపారేయకుండా, పీడనం తక్కువైందా అని ఆలోచించాలి.

కాలని రేణువులు ఇంకో చిక్కు తెస్తాయి. ఖాళీ తొడుగులను బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు భాగం కింద నాలుగు రేణువులు చేరినా అది తన చోట పూర్తిగా కూర్చోదు, సిలిండర్ బిగుసుకుపోతుంది. అందుకే అనుభవజ్ఞులు తుపాకి మూతిని పైకెత్తి తొడుగులను కిందికి రాలుస్తారు. రేణువులూ వాటితోనే పడిపోతాయి.

4.3.3 అవశేషాలు చెప్పే దూరం

అవశేషాలు రెండు రకాలు. ప్రైమర్ నుంచి సాధారణంగా సీసం, బేరియం, యాంటిమొనీ వస్తాయి. మందు నుంచి మసి, కాలని, సగం కాలిన రేణువులు వస్తాయి. మసి తేలిక, దగ్గర్లోనే ఆగిపోతుంది. రేణువులు ఇంకొంచెం దూరం పోయి చర్మంలో గుచ్చుకుని చుక్కలు ఏర్పరుస్తాయి. గుండ్రని రేణువులు పలచని బిళ్లల కంటే దూరం వెళ్తాయి, ఎందుకంటే బిళ్లలకు గాలి నిరోధం ఎక్కువ. బట్టల మీద నైట్రైట్‌ల కోసం గ్రీస్ పరీక్ష, సీసం కోసం సోడియం రోడిజోనేట్ పరీక్ష చేస్తారు. తర్వాత అదే ఆయుధంతో, అదే రకం తూటాలతో వేర్వేరు దూరాల నుంచి గుడ్డల మీద కాల్చి ఆ నమూనాలతో పోల్చుతారు.

ఇక్కడ 'అదే రకం తూటా' అన్న మాట చాలా ముఖ్యమైనది. కార్ఖానా తూటాకు సరిపోలేది దొరుకుతుంది. చేతితో నింపిన తూటాలో మందు ఏది, ఎంత, బిగింపు ఎలాంటిది అన్నది నింపిన మనిషికే తెలుసు. అమెరికాలోని న్యూజెర్సీలో 1989 నాటి ఒక మహిళ మృతి కేసులో సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. ఆమె భర్త తూటాలు ఇంట్లోనే నింపుకునేవాడు. పేలినది చాలా తక్కువ మందు వేసిన తూటా అని ప్రతివాదుల వాదన. దాని అవశేషాలు కార్ఖానా తూటా అవశేషాల లాగా ఉండవు కాబట్టి దూరం లెక్క మారుతుంది. కాల్చుకున్నారా, ఎవరైనా కాల్చారా అన్న ప్రశ్న ఆ దూరంతో ముడిపడి ఉంది. పేలిపోయిన తూటాలో ఏముందో చూపడానికి నింపిన మనిషి మాట చాలదు. విచారణ ఒకటికి మించి సార్లు జరిగింది.

కాబట్టి నేరస్థలంలో పేలని తూటాలు, మందు డబ్బాలు, నింపే పరికరాలు, కొలతలు రాసుకున్న పుస్తకం ఉంటే వాటినన్నిటినీ ఆయుధంతో పాటు ప్రయోగశాలకు పంపాలి. సిలిండర్‌లో ఏ గదిలో ఏది ఉందో పటం గీసి గుర్తించాలి. పేలని తూటాను విప్పి చూస్తే బిగింపు ఎలా ఉంది, మందు ఎంత ఉంది అన్నవి తెలుస్తాయి. పేలినది కూడా ఆ విడతదే అని చెప్పగలగడం వేరే విషయం. ఆ సందేహాన్ని నివేదికలో దాచకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రోల్ క్రింపును ఆటోమేటిక్ పిస్తోలు తూటాకు ఎందుకు వాడరు?
2. ఒక రివాల్వర్‌లో ఐదు ఖాళీ తొడుగులు దొరికాయి. వాటిలో రెండింటికి మాత్రమే బయట మసి ఉంది. దీనికి ఉండగల కారణాలను, వాటిని నిర్ధారించడానికి చేయవలసిన పరీక్షలను పది వాక్యాలలో రాయండి.