ఫిల్టరు కడిగిన రోజు

మా సంఘంలోని యువకుడొకడు నిరుడు ఏప్రిల్‌లో ఉద్యోగం కోసం దుబాయి వెళుతూ తన చేపల తొట్టిని మా ఇంట దించి వెళ్లాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టి. అందులో ఆరు డిస్కస్ చేపలు. రంగుచేపల వ్యాపారానికి పేరుపొందిన చెన్నై కొళత్తూరు దాకా వెళ్లి, కూడబెట్టిన డబ్బుతో తెచ్చుకున్నవి. వాని తల్లి మోకాళ్ల నొప్పుల మనిషి, నీళ్ల బకెట్టు మోయలేదు. "అయ్యగారూ, మీ దగ్గరుంటే నాకు ధైర్యం" అన్నాడు. కాదనలేకపోయాము.

ఆ ఆరింటిలో నాలుగు మా చేతులలోనే చనిపోయాయి. రోగం వచ్చి కాదు, మేము శుభ్రం చేసినందువల్ల. మన ఊళ్లలో కూడా ఇప్పుడు చాలా ఇళ్లలో చేపల తొట్లు కనబడుతున్నాయి గనుక, జరిగింది జరిగినట్లు చదువరులకు వ్రాస్తున్నాము.

డిస్కస్ అమెజాన్ నది చేప. పళ్లెంలా గుండ్రంగా, పలచగా ఉంటుంది. 1840లో హెకెల్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు దానిని మొదట శాస్త్రగ్రంథాలకు ఎక్కించాడు. తల్లి చేపా తండ్రి చేపా తమ ఒంటి మీద ఊరే జిగురునే పిల్లలకు ఆహారంగా ఇస్తాయి. ఈ సంగతి విన్నాక మా ఇల్లాలు రోజూ ఆ తొట్టి ముందు కాసేపు కూర్చోవడం మొదలుపెట్టింది. ఈ చేపకు నీళ్లు 28 నుండి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. నీటిలో విషం చేరితే ఇతర చేపల కన్న ముందు ఇదే కుంగిపోతుంది.

తొట్టికి డబ్బా ఫిల్టరు ఒకటి బిగించి ఉంది. కరెంటు మోటారు తొట్టి నీళ్లను లాగి, మూసిన డబ్బాలోని స్పాంజీల గుండా పంపి, మరల తొట్టిలోకి తోస్తుంది. ఒకటిన్నర నెలకు నీటి పోత తగ్గింది. విప్పి చూస్తే స్పాంజీలన్నీ గోధుమరంగు జిగురుతో నిండి ఉన్నాయి. ఇంత మురికిలోనా పాపం ఈ చేపలు బ్రతుకుతున్నాయి అనుకున్నాము. ప్రతి స్పాంజీని నల్లా కింద పెట్టి, తెల్లని నీళ్లు వచ్చేవరకు పిండాము. పాత దూదిపొర పారవేసి కొత్తది వేశాము. సబ్బు పెట్టలేదు, అదొక్కటే మేలు.

మరునాటి సాయంత్రానికి చేపలు నల్లబడ్డాయి. ఒక మూలకు చేరి దవడలు వేగంగా కొట్టుకుంటున్నాయి. రోగమే అనుకొని దుకాణంలో ఇచ్చిన మందు పోశాము. మూడవ రోజు రెండు, నాలుగవ రోజు రెండు తేలాయి. మా చిన్నమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. "అన్నకు ఏమని చెబుదాం నాన్నా?" అని అడిగింది.

హన్మకొండలో చాలా ఏళ్లుగా చేపలు పెంచుతున్న స్నేహితునికి ఫోను చేశాము. ఆయన చేపల సంగతి అడగలేదు. "పాస్టర్ గారూ, ఫిల్టరు ఎప్పుడు కడిగారు?" అని అడిగాడు.

ఫిల్టరంటే టీ వడపోసే జల్లెడలాంటిదని మేము అనుకున్నాము. అది మురికిని పట్టేమాట నిజమే గాని, దాని ముఖ్యమైన పని వేరు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా అనే విషాన్ని వదులుతాయి, మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. స్పాంజీ రంధ్రాలలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే, చేప నెత్తురు ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. మరొక జాతి సూక్ష్మజీవులు దానిని అంతగా హాని లేని నైట్రేటుగా మారుస్తాయి. వారం వారం కొంత నీరు మార్చితే అది పోతుంది. మేము మురికి అనుకున్న ఆ గోధుమరంగు జిగురులోనే ఈ జీవులు ఉన్నాయి. నల్లా నీళ్లలో మన ఆరోగ్యం కోసం కలిపే క్లోరిన్ వాటిని చంపింది. మిగిలినవాటిని మేము పోసిన మందు చంపి ఉంటుంది.

మా నర్సంపేటకు దగ్గరలోనే పాకాల చెరువు ఉంది గదా. కాకతీయ గణపతిదేవుని కాలంనాటిది. అందులోని చేపలకు ఎవరు ఫిల్టరు పెట్టారు? అక్కడి మట్టిలో, రాళ్ల మీద, నీటి మొక్కల మీద ఇవే జీవులు లెక్కకు మించి ఉన్నాయి, చేపకు నీళ్లూ విస్తారం. మా తొట్టిలో పట్టేవి సుమారు 250 లీటర్లు. ఆ కాస్త నీటిలో చెరువు చేసే పనినంతా ఒక స్పాంజీ చేయాలి. కొత్త స్పాంజీలో ఆ జీవులు కుదురుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అందుకే తొట్టి కొన్న రోజే చేపలు వేయరాదు.

స్నేహితుడు తన తొట్టిలో నానిన పాత స్పాంజీ ఒకటి ఇస్తానన్నాడు. తడి ఆరకుండా డబ్బాలో పెట్టుకొని బస్సులో తెచ్చుకున్నాము. మూడు రోజులు మేత మాన్పి, రోజూ సగం నీరు మార్చాము. ముందురోజే టబ్బులో పట్టి, గాలి బుడగలు పెట్టి, క్లోరిన్ పోయాక అదే వెచ్చదనానికి తెచ్చిన నీళ్లు. రెండు చేపలు దక్కాయి.

ఆ తరువాత డబ్బా ఫిల్టరు తీసివేసి, గాలిపంపుతో నడిచే పెద్ద స్పాంజి ఫిల్టర్లు రెండు పెట్టాము. డబ్బా ఫిల్టరు చెడ్డదని కాదు. గంటకు వెయ్యి లీటర్లని అట్ట మీద ఉంటే మా తొట్టి నీరంతా గంటకు నాలుగుసార్లు తిరగాలి. లోపల స్పాంజీలు నిండాక అంత తిరగదు గాని, ఉన్న నీటి పోతకే ఈ పలచని చేపలు ఈదలేక కుండ వెనుక దాక్కునేవి. గొట్టం మూతిని వెనుక అద్దం వైపు తిప్పాకే బయటికి వచ్చాయి. అసలు చిక్కు వేసవి గాలివానలకు కరెంటు పోయినప్పుడు వస్తుంది. మూసిన డబ్బాలో గాలి అందక కొన్ని గంటలలోనే జీవులు చచ్చి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే ఆ కుళ్లు తొట్టిలోకి పోతుంది. అటువంటి ఫిల్టరు ఉన్నవారు డబ్బాలో నిలిచిన నీళ్లు పారబోసి గాని స్విచ్చి వేయరాదు. నెలకొకసారి లోపలి పొర మార్చమని అట్ట మీద వ్రాసి ఉండే రకాలు కూడా ఉన్నాయి. పాతదంతా ఒక్కసారే పారవేస్తే మాకు జరిగిందే జరుగుతుంది.

స్పాంజి ఫిల్టరు చూడడానికి అందంగా ఉండదు, ఖర్చు మాత్రం తక్కువ. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి దగ్గర ఉంచుకుంటే కరెంటు పోయినా ఆగదు. రెండు స్పాంజీలను రెండు మూలల నిలబెట్టి, నీటిపైన చిన్న అలలు లేచి, చేప మాత్రం కదలకుండా నిలబడగలిగేంతవరకే గాలి మర తిప్పాము. పంపును తొట్టి నీటిమట్టానికి పైన, గోడకు తగిలించాము. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలో వెనక్కు వచ్చి పంపును పాడుచేస్తాయి. ఒక పక్షం ఒక స్పాంజి, మరుసటి పక్షం రెండవది, తొట్టిలోంచే తీసిన బకెట్టు నీళ్లలో నాలుగుసార్లు నొక్కి మరల పెడతాము. అది తెల్లబడనక్కరలేదు.

బోరు నీళ్ల సంగతి ఒక మాట. గిన్నె అడుగున తెల్లని చార కట్టే నీరైతే అది గట్టి నీరు. తొట్లలో తరతరాలుగా పెరిగిన డిస్కస్‌లు కొంతవరకు తట్టుకుంటాయి గాని గుడ్లు పొదగడం కష్టం. అటువంటి నీరు సాధారణంగా క్షారగుణం కలది. అందులో అమ్మోనియా మరింత విషమవుతుంది గనుక అక్కడ ఫిల్టరు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. చుక్కలు వేసి చూసే పరీక్ష సీసాలు దొరుకుతాయి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్న ఉండాలి. ఆ సీసాలు ముందే కొని ఉంటే మందు పోసేవారం కాము.

దుబాయికి ఫోను చేసి చెప్పిన రోజు వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నేనే కడగడం చెప్పిపోవలసింది అయ్యగారూ" అన్నాడు చివరికి. ఆ మాట మాకు ఊరట ఇవ్వలేదు. క్రిస్మసుకు సెలవు మీద వచ్చినప్పుడు వాడు నేరుగా తొట్టి దగ్గరకు వెళ్లాడు. రెండు చేపలనూ చూసి, చేయి లోపలికి పెట్టి ఒక స్పాంజిని మెల్లగా నొక్కాడు. గోధుమరంగు నీళ్లు కొంచెం తేలాయి. "బాగుంది" అని చేయి తుడుచుకున్నాడు. తొట్టిని ఇంకా మా ఇంటనే ఉంచి వెళ్లాడు.